నది లేని రాజధాని

బోస్ఫరస్ ఒడ్డున చరిత్ర – 7వ భాగం

గత భాగంలో థియోడోసియస్ కోటగోడ వెంట మర్మరా సముద్రం నుంచి గోల్డెన్ హార్న్ దాకా నడిచాం. భూమి వైపు నుంచి వచ్చిన దండులను వెయ్యేళ్లపాటు ఆపిన ఆ గోడ 1453 మే 29న ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహ్మద్ సేనల ముందు ఎలా లొంగిపోయిందో చెప్పుకున్నాం. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ గోడ దగ్గరే ఆగిపోతారు. గోడ అవసరం ముట్టడి నాడు. నీళ్ల అవసరం రోజూ ఉంటుంది. ఈ వారం ఆ నీళ్ల సంగతి చూద్దాం.

మ్యాపు ముందేసుకుని పాత నగరాన్ని ఒకసారి చూడండి. ఉత్తరాన గోల్డెన్ హార్న్, తూర్పున బోస్ఫరస్, దక్షిణాన మర్మరా. మూడు వైపులా నీళ్లే, అన్నీ ఉప్పునీళ్లే. లోపల ఏడు కొండలు. వాటి నడుమ నుంచి పారిన వాగు ఒక్కటే, లైకస్. చిన్న వాగు. అదిప్పుడు వాహనాలు బారులు తీరే పెద్ద రోడ్డు కింద ఎక్కడో ఉంది. రోమ్‌కు టైబర్ ఉంది, పారిస్‌కు సీన్ ఉంది, బాగ్దాదుకు టైగ్రిస్ ఉంది. 330లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి రాజధానిగా ప్రారంభించిన ఈ నగరానికి మాత్రం నది లేదు.

అయినా చూస్తుండగానే జనం లక్షల్లోకి చేరారు. 425 ప్రాంతంలో తయారైన నగర పట్టిక ఒకటి మనకు దొరికింది. అందులో 8 పెద్ద స్నానశాలలు, 153 ప్రైవేటు స్నానశాలలు లెక్కకు వచ్చాయి. తాగడానికే కటకటగా ఉండాల్సిన చోట ఇన్ని స్నానశాలలు ఎలా నడిచాయి? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే నగరం దాటి, పొలాలు దాటి, థ్రేస్ అడవుల్లోకి వెళ్లాల్సి వస్తుంది. ఇస్తాంబుల్‌లో ఎక్కువ కాలం ఉండే అవకాశం వచ్చినందువల్ల నేను ఆ దారి పట్టగలిగాను. నాలుగు రోజుల కోసం వచ్చినవాళ్లకు అయా సోఫియా, తోప్‌కాపి రాజభవనం, గ్రాండ్ బజార్ చూసేసరికే పొద్దు గడిచిపోతుంది. నీళ్ల దారి చూడాలంటే తీరిక కావాలి.

వంతెన మీద పారిన నీళ్లు

నేను గది అద్దెకు తీసుకున్నది జేరెక్ పేటలో. గోల్డెన్ హార్న్ వైపు దిగే ఏటవాలు సందులు, కొయ్య ఇళ్లు, మూడు నాలుగు అంతస్తుల పాత మేడలు. పై అంతస్తుల పెద్దవాళ్లు కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతారు. కొట్టతను అందులో రొట్టె పెడతాడు, బుట్ట పైకి వెళ్లిపోతుంది. తాగునీళ్ల క్యాన్లను మాత్రం కుర్రాళ్లు భుజాన వేసుకుని మెట్లెక్కి ఇవ్వాల్సిందే.

ఆ సందుల్లోంచి పైకి వస్తే ఎదురుగా వాలెన్స్ నీటి వంతెన. తురుష్కులు దీన్ని బోజ్‌దోవాన్ కెమెరి అంటారు. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకు ఈ కట్టడం ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ గోదావరి పాయ మీదుగా కాలువ దాటుతుంది. ఇక్కడ నగరంలోని రెండు కొండల నడుమ పల్లాన్ని దాటింది. వాలెన్స్ చక్రవర్తి హయాంలో, 373లో దీని మీదుగా నగరంలోకి నీళ్లొచ్చాయి. నేటికీ 900 మీటర్లకు పైగా నిలిచి ఉంది. ఎత్తు ఎక్కువగా ఉన్న చోట దాదాపు 29 మీటర్లు. రెండు వరసల కమానుల కింద నుంచి అతాతుర్క్ బులెవార్డ్ వెళుతుంది. బస్సులు, ట్యాక్సీలు, స్కూటర్లు అన్నీ 4వ శతాబ్దపు రాళ్ల మధ్య నుంచే దూరి పోతుంటాయి.

వంతెన నీడలోనే ఒక బజారు ఉంది. తూర్పు తుర్కియే నుంచి, ముఖ్యంగా సీర్ట్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ల దుకాణాలవి. తేనెపట్టు ముక్కలు, ఆకుకూర కలిపిన జున్ను, దండలుగా గుచ్చి ఎండబెట్టిన మిరపకాయలు, వంకాయ తొనలు. అక్కడ నిలబడి కమాను లోపలి వైపు దగ్గరగా చూశాను. కింద పెద్ద పెద్ద బండలు. పైకి పోయేకొద్దీ చిన్న రాళ్లు, మధ్య మధ్య ఇటుక. ఒక కమానులో రాయి రంగు వేరు, పక్క కమానులో చెక్కిన తీరు వేరు. ఒకరు కట్టి వదిలేసినది కాదు కాబట్టే అలా ఉంది. 576లో రెండో జస్టిన్ బాగుచేయించాడు, 766లో ఐదో కాన్‌స్టాంటైన్ బాగుచేయించాడు, 1019లో రెండో బేసిల్ బాగుచేయించాడు. నగరం చేతులు మారాక 1697లో సుల్తాన్ రెండో ముస్తఫా మళ్లీ కమానులు కట్టించాడు. శిలువకు మొక్కినవాళ్లు కట్టినదాన్ని నమాజు చేసినవాళ్లు నిలబెట్టారు.

అడవిలో శిలువలు

ఈ వంతెన నీళ్ల ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. నీళ్లు బయలుదేరింది పశ్చిమాన థ్రేస్ కొండల్లో, నేటి బల్గేరియా సరిహద్దు వైపు ఉన్న వీజే పట్నం చుట్టుపక్కల ఊటల నుంచి. గీత గీసినట్టు కొలిస్తే ఆ దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. కానీ నీళ్లు గీత గీసినట్టు రావు. కొండ చుట్టూ తిరగాలి, లోయ దాటాలి, పల్లం ఎక్కడా పోకూడదు. అలా తిరిగి తిరిగి వచ్చిన కాలువల పొడవు అన్నీ కలిపితే 400 కిలోమీటర్లు మించుతుందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. రోమన్లు కట్టిన నీటి కాలువలన్నిటిలో అత్యంత పొడవైన వ్యవస్థల్లో ఇదొకటి. పంపులు లేవు, మోటార్లు లేవు. పల్లాన్ని పట్టుకుని నీళ్లను నడిపించారు.

ఆ దారిలో అన్నిటికంటే పెద్ద కట్టడం కుర్షున్‌లుగెర్మే. చతాల్జా దాటాక గుముష్‌పినార్ అనే ఊరి దగ్గర ఓక్ చెట్ల అడవిలో ఉంది. టికెట్టు కిటికీ లేదు, కాఫీ దుకాణం లేదు. కాలిబాట వెంట లోయలోకి దిగుతుంటే చెట్ల సందుల్లోంచి ఒక్కసారిగా రాతి కమానులు కనిపిస్తాయి. ఎత్తు సుమారు 35 మీటర్లు. నాచు పట్టిన బండలు, పగుళ్లలో మొలిచిన చెట్లు. దగ్గరికి వెళ్లి చూస్తే రాళ్ల మీద శిలువ గుర్తులు, గ్రీకు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ బండ మీద వేలు పెట్టి తడిమితే ఉలి గాటు ఇంకా తెలుస్తుంది. ఊరికి ఎంతో దూరంగా, మనుషులు పెద్దగా తిరగని అడవిలో, ఎవరు చూస్తారని ఇంత శ్రద్ధగా చెక్కారు? కాలువను దేవుడికి అప్పగించి పోయారని అర్థం చేసుకోవాలి. కాపలాకు మనిషిని పెట్టలేని చోట శిలువను పెట్టారు.

ఆ భయం ఉత్తదేమీ కాదు. ఇంత పొడవు కాలువకు బలహీనత కూడా అంత పొడవే. కోటగోడ బద్దలు కొట్టలేని శత్రువు అడవిలో ఒక్క కమాను పడగొడితే చాలు. అనస్తాసియస్ చక్రవర్తి 6వ శతాబ్ది మొదట్లో నల్లసముద్రం నుంచి మర్మరా దాకా దాదాపు 50 కిలోమీటర్ల పొడవున మరో గోడ కట్టించాడు. నగరానికి 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ గోడ పల్లెలతో పాటు నీటి కాలువలకూ రక్షణ. కానీ అంత పొడవు గోడను కాయడానికి సరిపడా సైన్యం ఎప్పుడూ దొరకలేదు.

626లో భయపడ్డదే జరిగింది. అవార్లు అనే సంచార జాతివాళ్లు నగరాన్ని ముట్టడించారు. గోడను దాటలేకపోయారు, నీటి కాలువను తెంచారు. శత్రువు వెనుదిరిగి పోయాడు, తెగిన కాలువ మాత్రం తెగినట్టే ఉండిపోయింది. ఏడాది కాదు, పదేళ్లు కాదు, 140 ఏళ్లు. అరబ్బుల దండయాత్రలు, ప్లేగు, సరిహద్దు యుద్ధాల మధ్య సామ్రాజ్యానికి ఊపిరాడలేదు. జనం తగ్గిపోయారు. మిగిలినవాళ్లు పాత చిన్న కాలువలతో, వాన నీళ్లతో, నిల్వ తొట్లతో నెట్టుకొచ్చారు.

766లో గట్టి కరువు వచ్చింది. తొట్లు ఎండిపోయాయి, స్నానశాలలు మూతపడ్డాయి. అప్పుడు ఐదో కాన్‌స్టాంటైన్ మేలుకున్నాడు. ఆయన పిలిపించిన పనివాళ్ల లెక్కను చరిత్రకారుడు థియోఫేనిస్ రాసిపెట్టాడు: ఆసియా, పాంటస్ ప్రాంతాల నుంచి 1,000 మంది తాపీవాళ్లు, 200 మంది గచ్చు పనివాళ్లు, గ్రీసు నుంచీ ద్వీపాల నుంచీ 500 మంది మట్టి పనివాళ్లు, థ్రేస్ నుంచి 5,000 మంది కూలీలు, 200 మంది ఇటుకల పనివాళ్లు. మొత్తం 6,900 మంది. నగరానికి మళ్లీ నీళ్లొచ్చాయి. ఈ చక్రవర్తి విగ్రహారాధనను వ్యతిరేకించాడని చర్చి రచయితలు ఆయన్ని నోరారా తిట్టిపోశారు. తిట్టిన థియోఫేనిసే ఈ లెక్కనూ మనకు మిగిల్చాడు. రాజుల యుద్ధాల తేదీలు బట్టీ పట్టే మనం ఈ 6,900 మందిని కూడా గుర్తుంచుకోవాలి.

నేల కింద చెరువు

శత్రువు కాలువ తెంచితే? వానలు రాకపోతే? ఈ రెండు ప్రశ్నలకు బైజాంటియన్లు (తూర్పు రోమన్లు) చెప్పిన జవాబు నిల్వ. కొండల మీద ఆకాశం కింద తెరిచి ఉంచిన మూడు మహా తొట్లు కట్టారు. వాటిలో ఏటియస్ తొట్టి సుమారు 244 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు. ఇప్పుడు అది ఫుట్‌బాల్ మైదానం. చుట్టూ ఉన్న 5వ శతాబ్దపు గోడల మధ్య పిల్లలు ఆడుకుంటున్నారు. యావుజ్ సెలిం మసీదు పక్కన ఉన్న ఆస్పార్ తొట్టి ఎండిపోయాక తోటగా మారింది, అందులో ఇళ్లు కూడా వెలిశాయి.

అందరూ చూసేది మాత్రం యెరెబాతాన్, అంటే బాసిలికా తొట్టి. 532లో నికా తిరుగుబాటు నగరంలో సగాన్ని తగలబెట్టింది. ఆ బూడిద మీద జస్టీనియన్ చక్రవర్తి అయా సోఫియాను లేపాడు. దాని పక్కనే నేల కింద ఈ తొట్టిని కట్టించాడు. పైన ఉన్నది ప్రపంచం మెచ్చింది, కింద ఉన్నది ఊరిని బతికించింది. 52 మెట్లు దిగితే 336 స్తంభాలు, 28 చొప్పున 12 వరసలు, ఒక్కోటీ 9 మీటర్ల ఎత్తు. దాదాపు 140 మీటర్ల పొడవు, 65 మీటర్ల వెడల్పు. 80,000 ఘనపు మీటర్ల నీళ్లు పట్టేవని అంచనా. గోడలకు ఇటుక పొడి, సున్నం కలిపిన గచ్చు పూశారు. మన పాత మేస్త్రీలు సుర్కీ అనేది ఇదే. నీళ్లు ఇంకకుండా పట్టి ఉంచే ఈ పూత నేటికీ చేతికి నున్నగా తగులుతుంది.

స్తంభాల్లో ఒకదానికొకటి పొంతన లేదు. కొన్నిటి తలలు ఆకులు చెక్కిన కొరింథియన్ పనితనం, కొన్నిటివి ఏ చెక్కడమూ లేని దిమ్మెలు. పాత కట్టడాల నుంచి, శిథిలాల నుంచి తెచ్చి నిలబెట్టారు. వాయవ్య మూలన రెండు స్తంభాల కింద మెడూసా తలలు ఉన్నాయి, ఒకటి పక్కకు వాలి, ఒకటి తలకిందులుగా. ఎవరికీ కనిపించని నేలమాళిగలో నీళ్ల అడుగున పడి ఉండే రాళ్లవి. స్తంభం ఎత్తు సరిపోవాలని అడుగున పెట్టి ఉంటారనేది చాలామంది చరిత్రకారుల మాట. జనం వాటి చుట్టూ వంద కథలు అల్లారు.

కాలం గడిచేకొద్దీ పైన ఇళ్లు కట్టుకున్నవాళ్లకు తప్ప నగరానికి ఈ తొట్టి సంగతే గుర్తులేకుండా పోయింది. పియేర్ జీల్ అనే ఫ్రెంచి పండితుడు 1544లో ఇస్తాంబుల్ వచ్చాడు. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ పాత రాతప్రతులు సేకరించమని పంపాడు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, వీధి వీధీ కొలుచుకుంటూ పాత నగరం ఆనవాళ్లు వెతికాడు. అయా సోఫియా దగ్గరి ఇళ్లవాళ్లు నేలలో రంధ్రంలోంచి చేద వేసి నీళ్లు తోడుకోవడం, అందులో చేపలు పట్టడం ఆయన చెవిన పడింది. ఒక ఇంట్లో నుంచి కిందికి దిగి, దివిటీ వెలుగులో చిన్న పడవ మీద స్తంభాల మధ్య తిరిగి లెక్కపెట్టాడు. ఆయన చనిపోయాక 1561లో అచ్చయిన పుస్తకం వల్ల ఐరోపాకు ఈ తొట్టి గురించి తెలిసింది. ఒక ఊరిని తెలుసుకోవాలంటే అక్కడ కొంతకాలం కాపురం ఉండాలనడానికి జీల్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సినాన్ కట్టాడు, వరద కూల్చింది, సినాన్ మళ్లీ కట్టాడు

1453లో మెహ్మద్ గెలుచుకున్న నగరం దాదాపు ఖాళీ నగరం. 1204లో నాలుగో క్రూసేడు సైన్యాలు దోచుకున్నాక అది మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. జనం యాభై వేలకు పడిపోయారు. వీజే నుంచి వచ్చే పెద్ద కాలువ ఎప్పుడో మూలపడింది. కొత్త సుల్తాను మొదట చేపట్టిన పనుల్లో పాత కాలువల మరమ్మతు ఒకటి. మసీదులకు, స్నానశాలలకు నీళ్లు లేనిదే జనాన్ని రప్పించడం కుదరదని ఆయనకు తెలుసు.

నూరేళ్లు గడిచేసరికి జనం మళ్లీ లక్షల్లోకి వచ్చారు, నీళ్లు చాలలేదు. సుల్తాన్ సులేమాన్ ఆ భారం తన ప్రధాన స్థపతి మీమార్ సినాన్ మీద పెట్టాడు. సులేమానియే మసీదు కట్టిన చేతులవి. ఉత్తరాన బెల్‌గ్రాడ్ అడవిలోని వాగుల నుంచి నగరానికి నీళ్లు తెచ్చే ఈ పథకాన్ని కిర్క్‌చెష్మె అంటారు. 1554 నుంచి 1564 దాకా పని సాగింది. మొత్తం 55 కిలోమీటర్ల కాలువలు, పదుల కొద్దీ నీటి వంతెనలు. సినాన్‌కు అప్పటికే అరవై దాటాయి. పాత రోమన్ కాలువ ఆనవాళ్లు పనికొచ్చిన చోటల్లా వాటినే వాడుకున్నాడు.

పని ముగింపుకు వస్తున్న సమయంలో, 1563 సెప్టెంబరులో కుంభవృష్టి కురిసింది. వాగులు పొంగి వరద వచ్చింది. కొత్తగా కట్టిన వంతెనలు కొన్ని కొట్టుకుపోయాయి. సినాన్ మళ్లీ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదికి పూర్తిచేశాడు.

వాటిలో తలమానికం మాలోవా వంతెన. అలీబే వాగు మీద 257 మీటర్ల పొడవున, సుమారు 36 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. వరద పాఠం అందులో కళ్లకు కడుతుంది. స్తంభాలు పైన సన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతాయి, పిరమిడ్ పక్కల్లాగా ఏటవాలుగా. వరద నీరు వచ్చి ఢీకొట్టినా ఆ వాలు దాన్ని రెండు వైపులకూ చీల్చి పంపేస్తుంది. స్తంభాల మధ్యలోనే కమానులు తొలిచి మనుషులు నడిచి దాటే దారి కూడా పెట్టాడు. పైన నీళ్లు, మధ్యలో మనుషులు, కింద వాగు. ఇప్పుడు అక్కడ ఆధునిక జలాశయం ఉంది. అది నిండినప్పుడు మాలోవా పాదాలు నీళ్లలో ఉంటాయి. 450 ఏళ్లు దాటినా అది చెక్కుచెదరలేదు. సినాన్ పేరు చెప్పగానే అందరూ గుమ్మటాల గురించి మాట్లాడతారు. నా మట్టుకు ఆయన గొప్పతనం గుమ్మటాల కింద కంటే ఈ లోయలోనే ఎక్కువగా తెలిసింది.

నీళ్లను కొలిచి పంచినవాళ్లు

నీళ్లు తేవడం ఒక ఎత్తు, పంచడం మరో ఎత్తు. ఇస్తాంబుల్ నీటి పెద్దలకు దీనికొక కొలమానం ఉండేది. రాతి తొట్టి గోడకు ఒకే మట్టంలో చిన్న ఇత్తడి గొట్టాలు బిగించేవారు. గొట్టానికి పైన నీళ్ల మట్టం ఎప్పుడూ 96 మిల్లీమీటర్లే ఉండాలి. 26 మిల్లీమీటర్ల గొట్టంలోంచి వచ్చే ధార ఒక లులే. లెక్కకు నిమిషానికి 36 లీటర్లు, రోజుకు 52 ఘనపు మీటర్లు. అందులో నాలుగో వంతు కామిష్, ఎనిమిదో వంతు మాసురా, ముప్పై రెండో వంతు చువాల్దిజ్. మసీదుకు ఇన్ని లులేలు, స్నానశాలకు ఇన్ని మాసురాలు, ఫలానా పాషా ఇంటికి ఇన్ని చువాల్దిజ్‌లు అని దస్తావేజుల్లో రాసేవారు. మన చెరువు కింద తూము లెక్కన పొలాలకు నీళ్లు పంచుకున్నట్టే ఇక్కడ వీధులకు పంచారు.

కొండ దిగి కొండ ఎక్కే గొట్టాల్లో ఒత్తిడి పెరిగి పగిలిపోకుండా దారి పొడవునా రాతి గోపురాలు కట్టారు. నీళ్లు గోపురం పైకి ఎక్కి, పైన చిన్న తొట్టిలో పడి, మరో గొట్టంలోంచి కిందికి దిగేవి. ఒత్తిడి అక్కడే వదిలిపోయేది. అలాంటి గోపురం ఒకటి బాసిలికా తొట్టి గుమ్మానికి దగ్గరలోనే ఉంది. దాని పక్కన మిలియోన్ రాయి ముక్క, బైజాంటియన్ సామ్రాజ్యంలో దూరాలన్నీ కొలవడం మొదలుపెట్టిన చోటు. ఆ ముక్కను చూడ్డానికి వచ్చినవాళ్లు పక్కనే ఉన్న గోపురాన్ని పట్టించుకోరు.

కాలువలకు మనుషుల కాపలా కావాలి కదా. 1521లో సులేమాన్ బెల్‌గ్రాడ్ గెలిచాక అక్కడి సెర్బులను తెచ్చి ఈ అడవిలో కాపురం పెట్టించారు, నీటి కట్టడాలు చూసుకోవడం వాళ్ల పని, బదులుగా పన్నుల్లో మినహాయింపు. అడవికి ఆ పేరు అలా వచ్చింది. 1717 వేసవిలో ఇంగ్లండు రాయబారి భార్య మేరీ వర్ట్‌లీ మాంటగూ ఆ ఊళ్లో బస చేసి, అక్కడి చల్లదనాన్ని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసింది. 19వ శతాబ్ది చివర్లో తాగునీళ్లు మలినమవుతున్నాయని ఊరినే ఖాళీ చేయించారు. ఇప్పుడు అక్కడ నడక దారులు, 1620 నుంచి 1839 వరకు కట్టిన 7 ఆనకట్టలు ఉన్నాయి. కొన్నిటి ముఖానికి పాలరాయి తొడిగారు. ఆదివారాల్లో ఇస్తాంబుల్ కుటుంబాలు టీ ఫ్లాస్కులతో వచ్చి ఆ గట్ల మీద కూర్చుంటాయి.

నీళ్లు దానం చేయడం ఇక్కడ గొప్ప పుణ్యకార్యం. సుల్తానులు, మంత్రులు, రాజకుటుంబపు స్త్రీలు పోటీపడి చెష్మెలు, అంటే వీధి కొళాయిలు, కట్టించారు. తోప్‌కాపి గేటు ముందు మూడో అహ్మద్ 1728లో కట్టించిన చెష్మె చూస్తే అది నీళ్లు పట్టుకునే చోటా, నగల పెట్టెనా అనిపిస్తుంది. అజాప్‌కాపిలో 1732 ప్రాంతంలో సాలిహా సుల్తాన్ కట్టించినది నాకు మరీ ఇష్టం. చిన్నప్పుడు ఆ చోట నీళ్ల కుండ పగలగొట్టుకుని ఏడుస్తుంటే రాజభవనం వాళ్లు చూసి తీసుకెళ్లారని, సుల్తాను తల్లి అయ్యాక అక్కడే ఈ చెష్మె కట్టించిందని జనం చెప్పుకుంటారు. నిజమో కల్పనో గానీ, నీళ్ల కోసం ఆడపిల్లలు పడ్డ పాట్లు మాత్రం నిజం. ఆమె కొడుకు మొదటి మహమూద్ హయాంలోనే, గోల్డెన్ హార్న్‌కు అవతలి పేటలకు నీళ్లందించే తక్సీమ్ పథకం పూర్తయింది. తక్సీమ్ కూడలి పక్కన ఎనిమిది పలకల రాతి గది ఇప్పటికీ ఉంది. దాని గోడలకు పిచ్చుకల కోసం చిన్న రాతి గూళ్లు కూడా చెక్కారు.

ఇంటింటికీ ఇనుప గొట్టాల్లో నీళ్లు వచ్చింది 1880వ దశకంలో. తెర్కోస్ సరస్సు నుంచి ఆవిరి యంత్రాలతో తోడి తెచ్చారు. తోలు సంచుల్లో నీళ్లు మోసే సాకాలు మెల్లగా కనుమరుగయ్యారు. ఇప్పుడు నగర జనాభా కోటిన్నర దాటింది. తూర్పున దాదాపు 180 కిలోమీటర్ల అవతలి మెలెన్ నది నుంచి, బోస్ఫరస్ అడుగున సొరంగం గుండా నీళ్లు తెస్తున్నారు. వానలు తగ్గిన ఏడాది జలాశయాల్లో ఎంత శాతం నీళ్లున్నాయో పత్రికలు రోజూ వేస్తాయి. వాలెన్స్ నాటి బెంగే నేటికీ ఉంది.

చివరి మాట

ఇస్తాంబుల్ 1,600 ఏళ్లపాటు మహానగరంగా నిలవడానికి కారణం ఏమిటని అడిగితే, నా జవాబు: దాన్ని ఏలినవాళ్లు ఒకరినొకరు ఓడించుకున్నా ఒకరి కాలువను మరొకరు పూడ్చలేదు. రోమన్ల కాలువను బైజాంటియన్లు, బైజాంటియన్ల వంతెనను ఒట్టోమన్లు బాగుచేసుకున్నారు. మరమ్మతు ఆగిన 140 ఏళ్లలో ఊరు కుంచించుకుపోయింది. మొదలైన ప్రతిసారీ పెరిగింది.

సినాన్ కిర్క్‌చెష్మె కాలువలు కడుతున్న ఆ ఏళ్లలోనే, 1560ల తొలినాళ్లలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా హయాంలో హుస్సేన్ సాగర్ కట్ట పడింది. హైదరాబాదు నగరం పుట్టడానికి ముందే దాని చెరువు పుట్టింది. గోల్కొండ కోట గోడల్లో నీళ్లు ఎక్కించిన మట్టి గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మనకూ ఇలాంటి కథ ఉంది. మాలోవాను చూసుకుంటున్నంత శ్రద్ధగా మన తూములను, గొలుసుకట్టు చెరువుల కాలువలను చూసుకోవడమే మిగిలింది. మీ ఊరి చెరువుకు నీళ్లు ఎటు నుంచి వచ్చేవో, ఆ దారి ఇప్పుడు ఏమైందో ఒకసారి వెళ్లి చూడండి. ఊళ్లోని పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి.

వచ్చే భాగంలో బోస్ఫరస్ దాటి అవతలి ఒడ్డున చామ్‌లిజా కొండ ఎక్కుదాం. 1914లో అక్కడ పుట్టి, పదేళ్ల వయసులో కుటుంబంతో పాటు దేశం విడిచి, 1931లో హైదరాబాదు కోడలైన చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ కథ చెప్పుకుందాం.